చింతపండుతో తోమిన నాణెము

మేము ఇంటర్మీడియెట్ చదువుచున్న రోజులలో, అమెరికాలో ఉద్యోగము చేయు మా మామూజాన్ సెలవులకు హైదరాబాదు వచ్చి, మా చేతిలో నల్లని రాగినాణె మొకటి పెట్టిరి. "ఇది 1802 నాటి సెంటు, బేటా. జాగ్రత్తగా దాచుకో" అనిరి. దాచుటకు ముందు శుభ్రము చేయవలెనని మాకు తోచెను. ఇంటిలో రాగిబిందెలు తోము చింతపండుతోనే దానిని తోమితిమి. తళతళ మెరయు నాణెమును గర్వముతో చూపగా మామూజాన్ ముఖము చిన్నబోయెను. ఆయన కోపపడలేదు. మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఆ నాణెముల కథ చెప్పిరి.

ఫిలడెల్ఫియా టంకశాలలో 1793లో తొలి సెంట్లను ముద్రించిరి. వానిపై 15 లంకెల గొలుసు ఉండెను. రాష్ట్రముల ఐక్యతకు గుర్తుగా చెక్కిన ఆ గొలుసు స్వేచ్ఛకు సంకెలవలె ఉన్నదని విమర్శలు రాగా, కొద్ది వారములలోనే దానికి బదులు ఆకుల దండను చెక్కిరి. ఈ పెద్ద రాగిసెంట్లు 1857 వరకు వెలువడెను.

ఆనాటి అచ్చులు చేతిపనితో తయారైనవి. కావున ఒక అచ్చులోని అక్షరముల ఎడము వేరొక దానిలో ఉండదు. అచ్చు పగిలినచో ఆ పగులు నాణెముపై ఉబ్బెత్తు గీతగా పడును. వీనిని బట్టియే నిపుణులు ఏ నాణెము ఏ అచ్చుదో గుర్తింతురు. 1801 నాటి ఒక అచ్చులో మూడు తప్పులు దొర్లెను: 1/100 అని ఉండవలసినచోట 1/000 అని పడెను, దండకు ఒక కాడ లేకపోయెను, 'యునైటెడ్' అను మాటలోని మొదటి అక్షరము రెండు నిలువు గీతలుగా కనబడెను. అట్టి నాణెమును సేకర్తలు మిక్కిలి ప్రీతితో వెదకుదురు.

1949లో విలియం షెల్డన్ ఈ సెంట్ల స్థితిని 1 నుండి 70 వరకు అంకెలతో కొలుచు పద్ధతిని ప్రకటించెను. చేతులు మారి అరిగిన నాణెమునకు కూడ అందులో చోటు కలదు. కాని పులుపుతో తోమినచో, ఏండ్ల తరబడి గాలి సోకి ఏర్పడిన గోధుమరంగు పొర ఊడిపోవును. అది మరల మునుపటివలె రాదు.

"పనివాని తప్పుకు అంత విలువ యుండగా, మా తప్పుకు ఏల లేదు?" అని అడిగితిమి.

"అతని తప్పు నాణెంతోనే పుట్టింది, బేటా. నీ తప్పు దాని వయస్సును తుడిచేసింది" అనిరి మామూజాన్.

ఆ నాణెము నేటికిని మా వద్దనే యున్నది. విద్యార్థి మిత్రులారా! మీ ఇండ్లలో తాతముత్తాతల పెట్టెలలో నిజాం కాలపు నాణెములు దొరకవచ్చును. తోమకుడు. ముందుగా పెద్దల నడుగుడు.