పటాన్‌చెరు దాటాక బ్రేక్ వణికితే...

ఆదివారం పొద్దున ఆరింటికి పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వైపు సైకిల్ మీద బయల్దేరితే రోడ్డంతా మనదే అనుకోకండి. పాశమైలారంలో రాత్రి షిఫ్ట్ దిగినవాళ్లు అప్పుడే ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతుంటారు. కంపెనీ బస్సులు, ట్యాంకర్లు, జహీరాబాద్ వైపు నుంచి వచ్చే లారీలు... 65వ నంబర్ జాతీయ రహదారికి ఆదివారం సెలవు లేదు. అయినా మా బ్యాచ్‌కి ఈ రూటే ఇష్టం. ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కందిలో ఐఐటీ గేటు, పోతిరెడ్డిపల్లి చౌరస్తా. అక్కడ సంగారెడ్డిలోకి తిరిగి, కల్పగూర్ దగ్గర మంజీరా నీళ్లు చూసి వెనక్కి. మొసలి కనిపిస్తే ఆ రోజు లక్కే.

మొన్న జూలైలో ఒక వాన పడ్డ మర్నాడు, ఇస్నాపూర్ ఇంకా రాకముందే, ముందున్న ట్యాంకర్ స్లో అయింది. మా వాడొకడు ముందు బ్రేక్ పట్టాడు. హ్యాండిల్ గడగడా వణికింది. ఫోర్క్ ముందుకీ వెనక్కీ కొట్టుకోవడం పక్కనున్న నాకే కనిపించింది. వాడు లివర్ వదిలేసి, ఎడమ పక్క బురదలోకి దించి ఆపాడు. బ్రేక్ కీచుమంటే చిరాకొస్తుంది, అంతే. వణికితే మాత్రం చెయ్యి దానంతటదే లివర్ వదిలేస్తుంది. వెనక లారీ ఉన్నప్పుడు అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు.

"డిస్క్ వంగింది, మార్చాల్సిందే" అని బ్యాచ్‌లో అందరూ తేల్చేశారు. నాకు లెక్క కుదర్లేదు. ఈ సైకిల్ చక్రం ఒక్క చుట్టు తిరిగితే సుమారు 2.1 మీటర్లు. గంటకు 20 కిలోమీటర్ల స్పీడులో సెకనుకు రెండున్నర చుట్లు. డిస్క్ వంకరైతే దెబ్బ కూడా చుట్టుకొకసారి, అంటే సెకనుకు రెండు మూడు సార్లే తగలాలి. స్లో అయ్యేకొద్దీ ఆ దెబ్బల మధ్య ఎడం పెరగాలి. ఇక్కడ మలేరియా జ్వరంలా ఒకటే వణుకు.

చౌరస్తా పక్కన పంక్చర్ షాపు పెద్దాయన దగ్గర ఆగాం. ఆయన దగ్గరికొచ్చేవన్నీ ఫ్యాక్టరీ పనోళ్ల రాడ్ బ్రేక్ సైకిళ్లు. డిస్క్ వైపు చూడనే లేదు. ముందు బ్రేక్ పట్టి, హ్యాండిల్ కింద కప్పు మీద రెండు వేళ్లు పెట్టి, సైకిల్‌ని ముందుకూ వెనక్కూ ఊపాడు. "కప్పు లూజుంది తమ్మీ" అన్నాడు. క్యాలిపర్‌లో ప్యాడ్లు కదిలినా అలాంటి టకటకే వస్తుంది కాబట్టి, హ్యాండిల్‌ని పూర్తిగా పక్కకు తిప్పి మళ్లీ ఊపి చూశాం. కప్పే. లారీల బరువుకు గాళ్లు పడ్డ రోడ్డు మీద వారం వారం తొక్కితే అది వదులవడం వింతేం కాదు.

బిగించడం మా వంతు. స్టెమ్ పక్క బోల్టులు వదులు చేశాకే పైనున్న క్యాప్ బోల్టు తిప్పాలి. లేకపోతే ఎంత తిప్పినా కప్పు బిగియదు. తర్వాత స్టెమ్ సూటిగా పెట్టి, ఆ పక్క బోల్టులు మళ్లీ బిగించాలి. ఇది మర్చిపోతే హ్యాండిల్ చేతిలో తిరుగుతుంది, చక్రం తిరగదు! డిస్క్ బోల్టులు, క్యాలిపర్ బోల్టులు కూడా చూశాం, గట్టిగానే ఉన్నాయి. వణుకు సగం తగ్గింది. మంజీరా ప్లాన్ మానేసి వెనక్కి తిరిగాం.

మిగతా సగం సంగతి పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో తేలింది. బ్యాచ్‌లో ఇంకొకడు అక్కడ లేత్ షాపులో పనిచేస్తాడు. సైకిల్‌ని మెషిన్ పక్కన కదలకుండా నిలబెట్టి, లేత్ బెడ్ మీద మాగ్నెట్ స్టాండ్ పెట్టి, డయల్ గేజ్ ముల్లు డిస్క్‌కి ఆనించి చక్రం తిప్పాడు. ముల్లు మిల్లీమీటరులో పదో వంతు కూడా కదల్లేదు. మందం 1.7 వచ్చింది. దాని మీద రాసున్న కనీస మందం 1.5. డిస్క్ బంగారంలా ఉంది. ప్యాడ్లు తీస్తే మాత్రం ఒక మూల నల్లగా, జిడ్డుగా మెరుస్తోంది. లారీలు ఆగే చోట వానకు తేలే డీజిల్ తెట్టు గుర్తొచ్చింది. చైన్ ఆయిల్ తుంపర కూడా అయి ఉండొచ్చు. ఏదైనా, ఒక చోట పట్టి ఇంకో చోట జారే ప్యాడ్‌తో వణుకు రాక తప్పదు.

రెజిన్ ప్యాడ్ నూనె పీల్చిందంటే దాన్ని గీకి బాగుచేయడం టైమ్ వేస్టని నా అభిప్రాయం. కొత్తవి వేయించాం. డిస్క్ తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కావాలి. మందుల కంపెనీలు దాన్ని డ్రమ్ముల లెక్కన వాడే ఊళ్లో చిన్న సీసా కోసం మూడు షాపులు తిరిగాం! శానిటైజర్ చాలదా అంటారేమో, అందులో గ్లిజరిన్ లాంటివి ఉంటాయి, డిస్క్ మీద పొర మిగులుతుంది.

కొత్త ప్యాడ్లు వేయగానే హైవే ఎక్కకూడదు. వాటి పదార్థం పల్చటి పొరలా డిస్క్ మీద సమానంగా అంటుకోవాలి. అందుకు కొల్లూరు వెళ్లాం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మొత్తం 23 కిలోమీటర్లు, దాని ఒక కొస అక్కడే. లారీల గోల లేదు. పాతిక స్పీడుకు వెళ్లి, నడక వేగానికి తగ్గేదాకా నెమ్మదిగా బ్రేక్ పట్టి, పూర్తిగా ఆగకుండా వదిలేయాలి. ఇలా ఇరవై సార్లు. మొదటి ఐదారు సార్లు బ్రేక్ పడుతోందా అని డౌటొచ్చింది. పదోసారికి పట్టు తెలిసింది. పదిహేను దాటాక మా వాడు రెండు వేళ్లు తీసి ఒక్క వేలితోనే పట్టడం మొదలుపెట్టాడు. హ్యాండిల్ నిశ్చలంగా ఉంది.

పై ఆదివారం మంజీరా దాకా వెళ్లొచ్చాం. మొసళ్లు కనపడలేదు.