పాలకుర్తిలో మూత విప్పిన బీబీసీ మైక్రో

కీబోర్డు ఉన్న పెట్టెలోనే యంత్రమంతా ఇమిడి, తెరగా మామూలు టీవీని, ప్రోగ్రాములు దాచడానికి పాటల క్యాసెట్టునూ వాడుకున్న 1980ల నాటి చిన్న కంప్యూటర్లను హోమ్ కంప్యూటర్లని వ్యవహరిస్తారు. ఈ కోవకు చెందిన బీబీసీ మైక్రో (బ్రిటన్‌లోని ఏకార్న్ సంస్థ, 1981) మన దేశంలో ఇళ్లలోకి కాక బడుల్లోకి వచ్చింది. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 250 పాఠశాలలతో మొదలుపెట్టిన ‘క్లాస్’ అనే కంప్యూటర్ అక్షరాస్యత పథకానికి దీన్నే ఎంచుకున్నారు. చెప్పులు బయట విడిచి, ఒక్కో యంత్రం చుట్టూ నలుగురైదుగురు మూగిన ఆనాటి పిల్లలకు మూత విప్పడం మాట అటుంచి, వైరు కదిపినా మందలింపే దక్కేది. నడివయసు దాటాక వీటి వైపు మళ్లుతున్నవారిని లాగుతున్నది ఆటల మీది మోజు కన్నా, అప్పుడు దక్కని ఆ మూత విప్పే హక్కే అనిపిస్తుంది.

పాలకుర్తిలో, సోమేశ్వరాలయం గుట్టకు దిగువనున్న ఒక ఇంటి వెనుక గదిలో విశ్రాంత ఉపాధ్యాయుడొకరు తుక్కులో కొన్న యంత్రాన్ని బాగుచేస్తుండగా చూసినప్పుడు ఈ అభిప్రాయం బలపడింది. సందర్శకుడి చేయి స్విచ్చు వైపు వెళ్లగానే ఆయన “ఆగుండ్రి సారూ, ముందుగాల గా కెపాసిటర్ తీయాలె” అన్నారు. మెయిన్స్ కరెంటులోని చిల్లర అలజడిని వడగట్టే ఆ భాగం కాగితపు పొరలను పారదర్శకమైన ప్లాస్టిక్‌లో పోత పోసి చేసినది. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్ నెర్రెలిచ్చి, లోపలి కాగితం తేమను పీల్చుకుంటుంది కనుక, చాలాకాలం మూలన పడ్డ యంత్రానికి కరెంటు ఇస్తే ఆ భాగం పగిలి గదినిండా ఘాటైన పొగ కమ్ముకోవచ్చు. టంకం కరిగించి బయటికి తీసిన ఆ పసుపురంగు తునకను వెలుతురులో పట్టి చూస్తే, ఎండిన చెరువు మట్టిలో లాంటి సన్నని పగుళ్లు కనిపించాయి.

కొత్త భాగం అతికించి స్విచ్చు వేయగానే రెండు స్వరాల కూత వినిపించి, తెర మీద 32కే అనే అక్షరాలు వెలిగాయి. అంటే ప్రోగ్రామూ తెర మీది బొమ్మా కలిసి పంచుకోవలసిన జ్ఞాపకశక్తి మొత్తం 32 కిలోబైట్లే. నేటి ఫోన్లో ఒక మామూలు ఫొటో కూడా అందులో పట్టదు.

క్యాసెట్టు సంగతి వేరు. టేపు మీద సున్నాకు 1200 హెర్ట్జ్ ధ్వని ఒక ఆవృత్తి, ఒకటికి 2400 హెర్ట్జ్ ధ్వని రెండు ఆవృత్తులు చొప్పున నమోదై ఉంటాయి. సెకనుకు సుమారు 120 అక్షరాల వేగంతో ఆ కీచు ధ్వని వింటూ కూర్చోవలసిందే. పాల్కురికి సోమనాథుని కావ్యాలు తాళపత్రాల మీద తిరగరాతల వల్ల మిగిలినట్టే, అయస్కాంతపు పూత రాలిపోకముందే టేపునూ ధ్వని ఫైలుగా ఎత్తి రాసుకోవాలి. ఆ ప్రయత్నంలో టేపురికార్డరు రబ్బరు బెల్టు సాగి వేగం తప్పడంతో, తెర మీద ‘డేటా?’ అనీ, దాని కింద ‘రివైండ్ టేప్’ అనీ వచ్చాయి. ఉపాధ్యాయుడు క్యాసెట్టు బయటికి తీసి, చక్రం పళ్లలో పెన్సిలు దూర్చి, తొందర లేకుండా వెనక్కి తిప్పసాగారు.