ముట్టిన పావు

నలభై ఆరేళ్లు వచ్చిన తరువాత యుద్ధానికి వెళ్లవలసి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. యుద్ధమంటే కంగారుపడకండి. ఏనుగులూ, గుర్రాలూ, శకటాలూ, కాల్బలమూ అన్నీ ఉన్నాయి గాని, అవన్నీ కలిపితే మా ఆవిడ పోపులపెట్టెలో పట్టేపాటివి. రణరంగం అరవైనాలుగు గళ్లు. శత్రువుకు పదకొండేళ్లు, రెండు జడలూ, ఒక కళ్లజోడూ.

నేను విజయవాడలో ఒక కళాశాలలో తెలుగు చెబుతాను. మావాడు తొమ్మిదో తరగతి. గవర్నరుపేటలో ఒక మేడమీద ఆదివారంపూట చదరంగం క్లబ్బు నడుస్తుంది. రెండేళ్లుగా వాడు అక్కడికి వెళుతున్నాడు. మొన్నటి పరీక్షలో వాడికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. మా ఊళ్లో లెక్కల్లో మార్కులు తగ్గడమంటే ఏమిటో బయటి ఊళ్లవారికి తెలియకపోవచ్చు. ఏ కూడలిలో నిలబడి తలెత్తినా ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖాలే కనిపిస్తాయి. ఆ బోర్డుల కింద నడిచే తండ్రికి తన పిల్లవాడి ముఖం అక్కడ ఉండదేమోనన్న దిగులు తప్ప మరొకటి తోచదు. నేను ఎందరి పిల్లలకో పాఠం చెప్పేవాణ్ణే, అయినా ఆ దిగులు నన్నూ వదలలేదు.

"ఇక చదరంగం కట్టిపెట్టు. ఆ ఆట కూడు పెడుతుందా?" అన్నాను ఒక రాత్రి.

అడగరాని ఊళ్లో అడిగాను ఆ ప్రశ్న. ఇక్కడికి దగ్గరలోని గుడివాడలో 1987లో పుట్టిన కోనేరు హంపి, తండ్రి అశోక్ గారి దగ్గరే ఆట నేర్చుకుని, 2002లో పదిహేనేళ్ల వయస్సుకే గ్రాండ్‌మాస్టరయింది. 2019లో ఒకసారి, 2024లో మరొకసారి ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచింది. కృష్ణ దాటితే గుంటూరు హరికృష్ణదీ, హారికదీ. 2024లో బుడాపెస్టు ఒలింపియాడ్‌లో పురుషుల జట్టూ, మహిళల జట్టూ రెండూ బంగారు పతకాలు తెచ్చినప్పుడు ఆ ఇద్దరూ చెరొక జట్టులో ఉన్నారు. ఇవన్నీ మావాడే నాకు చెప్పాడు, ఎప్పుడో. ఆ రాత్రి మాత్రం ఒక్కటీ ఎత్తలేదు.

"సరే నాన్నా. కాని ఆ మాట మాస్టారికి మీరే చెప్పండి. నేను చెప్పలేను" అన్నాడు.

ఆ చెప్పడానికే ఆదివారం పొద్దున్నే వాణ్ణి స్కూటరు వెనుక కూర్చోబెట్టుకుని బయలుదేరాను. మెట్లెక్కి లోపలికి వెళ్లేసరికి బల్లలు వేసి పిల్లలందరూ కూర్చుని ఉన్నారు. మాస్టారు తల గోక్కుంటున్నాడు. ఆ రోజు పోటీకి ఒకరు తక్కువయ్యారు. జతలేనివాళ్లకు ఆడకుండానే ఒక పాయింటు ఇచ్చేయాలట. అది ఆయనకు ఇష్టం లేదు. నన్ను చూడగానే ముఖం విప్పారింది.

"మీకు ఆట వచ్చు కదండీ? మీ అబ్బాయి చెప్పాడు. ఒక్క ఆట కూర్చోండి."

కొడుకు చదువు మాట ఎత్తబోయినవాణ్ణి, కుర్చీలో కూలబడ్డాను.

ఆట వచ్చుననడం అబద్ధం కాదు. పామర్రు దగ్గర మా పల్లెలో మా తాతగారి అరుగుమీద నేర్చుకున్నాను. ఆ బలగంలో ఒక బంటు ఎప్పుడో పోయింది. దాని స్థానంలో చింతపిక్క కొలువు చేసేది. అరుగుమీది ఆటలో బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే కదిలేది. షా తగలని రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలాగా దూకవచ్చు. ఇప్పటి పిల్లలు ఆడేది ప్రపంచమంతటా ఆడే పద్ధతి. బంటు మొదట రెండు గళ్లు పోవచ్చు. రాజుకు దూకుడు లేదు. కాని ఒక్క నియమం మాత్రం రెండింటా ఒకటే. ఏ పావును ముట్టుకుంటే ఆ పావునే కదపాలి. "నోటి మాటా, ముట్టిన పావూ వెనక్కి రావురా" అనేవారు మా తాతగారు. నేను ఏడ్చినా, అలిగి అరుగు దిగిపోయినా, ఆయన ఆ నియమం సడలించలేదు.

తెలుగు మేష్టరును గనుక ఒక మాట చెప్పి ముందుకు పోతాను. చదరంగమంటే చతురంగమే. ఏనుగు, గుర్రం, రథం, కాల్బలం అనే నాలుగు అంగాల సేన. ఈ ఆట మన దేశం నుంచి పారశీకానికీ, అక్కడి నుంచి అరబ్బులకూ, వారి నుంచి ఐరోపాకూ పోయింది. అక్కడ మన శకటు మతగురువయింది. మంత్రి రాణి అయింది. పదిహేనో శతాబ్దం చివర ఆ రాణికి ఎటైనా, ఎంతదూరమైనా పోయే బలం వచ్చింది. అంతటితో ఆగలేదు. 1824లో ప్రష్యా దేశంలో రైస్విట్జ్ అనే సేనాధికారి బల్లమీద నేలరూపు పరిచి, దళాలకు బదులు చిన్న దిమ్మెలు కదిపే యుద్ధక్రీడ తయారుచేస్తే, దానితో అక్కడి సైన్యంలో శిక్షణ ఇచ్చారు. 1913లో ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో గదిలో నేలమీద ఆడే యుద్ధానికి నియమాలు కూర్చి 'లిటిల్ వార్స్' అనే పుస్తకం వేశాడు. ఈనాటికీ అనేక దేశాల్లో వేలెడెత్తు సైనికుల బొమ్మలకు రంగులు వేసి, బల్లలమీద పోరాడుకునే క్లబ్బులున్నాయి. ఈ యుద్ధాల్లో నెత్తురు ఉండదు. ఉండేది నియమం ఒక్కటే. నియమం తీసేస్తే మిగిలేవి కొయ్యముక్కలు. ఇంత తెలిసినవాణ్ణి నేను చేసిన నిర్వాకం వినండి.

ఆ పాప నాకు నమస్కారం పెట్టి, చెయ్యి కలిపి, గడియారం నొక్కింది. పదిహేను ఎత్తులదాకా నా పని బాగానే ఉంది. తాతగారి అరుగు గుర్తుకు వచ్చింది. ఒక శకటూ, రెండు బంట్లూ లాభం కూడా చూసుకున్నాను. మావాడు ఆట తొందరగా ముగించుకుని వచ్చి నా కుర్చీ వెనుక నిలబడ్డాడు. కొడుకు చూస్తున్నాడంటే తండ్రికి ఎక్కడలేని వీరత్వమూ పుట్టుకొస్తుంది. ఇంకొక బంటును కొట్టుదామని గుర్రాన్ని పైకెత్తాను.

ఎత్తిన తరువాత కనిపించింది. నా రాజు మూడు బంట్ల వెనుక మూలన కూర్చున్నాడు. పాప ఏనుగు నా కోటలో చివరి వరుసకు దిగకుండా కాపలా కాస్తున్నది ఆ గుర్రమే. అది ఎటు పోయినా ఏనుగు దిగుతుంది. రాజు కదలడానికి గడి లేదు. ఆటకట్టు.

నా చెయ్యి గాలిలో ఎంతసేపు ఉందో నాకు తెలియదు. ఒక్క క్షణమే అయివుంటుంది. గుర్రాన్ని మళ్లీ దాని గడిలోనే పెట్టి, గడి మధ్యకు జరిపినట్టు నటించి, "సర్దుతున్నానమ్మా" అన్నాను. సర్దుకునేవాళ్లు ముట్టుకోకముందే ఆ మాట చెప్పాలి. తరువాత చెబితే అది సర్దడం కాదు, సర్దుకుపోవడం.

పాప కళ్లజోడు పైకి తోసుకుంది. గోడదగ్గర ఉన్న మాస్టారిని పిలవడానికి చెయ్యి కొంచెం ఎత్తింది. ఎందుకో దించేసింది. నేను రాజు ముందున్న బంటును ఒక గడి కదిపి, ఊపిరి ఆడేలా చేసుకున్నాను. ఇంకో పాతిక ఎత్తులకు నేనే గెలిచాను. పాప లేచి చెయ్యి కలిపి, "బాగా ఆడారు మాస్టారూ" అంది. కాగితంమీద నా గెలుపును తన చేత్తోనే రాసింది.

మావాడి చదువు సంగతి ఆ సందడిలో చెప్పలేదు. దారిలో ఏలూరు రోడ్డు పొడుగునా వాడు మాట్లాడలేదు. ఎండకు నీరసమనుకున్నాను. భోజనాల దగ్గర నా విజయగాథ మొదలుపెట్టాను. మా ఆవిడ వింటూ, "పదకొండేళ్ల పిల్లమీద గెలిచి ఇంత సంబరమా?" అని మజ్జిగ పోసింది. మావాడు తల ఎత్తకుండా తిని లేచిపోయాడు.

రాత్రి డాబామీద పక్కలు వేసుకున్నాక, చీకట్లో వాడి గొంతు వినిపించింది.

"నాన్నా, ఆ అమ్మాయి ఎందుకు ఊరుకుందో తెలుసా?"

"ఎందుకు?" అన్నాను. గొంతు నాకే కొత్తగా ఉంది.

"మాస్టారిని పిలవబోయి నా వంక చూసింది నాన్నా. చూసి చెయ్యి దించేసింది."

అంతే. మరేమీ అనలేదు. అటు తిరిగి పడుకున్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. కిందటేడు పరీక్షలో ఒక కుర్రవాడి దగ్గర చీటీ దొరికింది. అగ్గిపెట్టెకంటే చిన్నది. "ఇంకా చూడలేదు సార్, ముట్టుకున్నానంతే" అని బతిమాలాడు. "ముట్టుకున్నా తప్పే" అని హాలు బయటికి పంపాను. ఆ మాట అన్నందుకు ఇంటికి వచ్చి గర్వంగా చెప్పుకున్నాను కూడా. ఇప్పుడు నా కొడుకు ముందు నా మర్యాద నిలబెట్టడానికి, పదకొండేళ్ల పిల్ల తన న్యాయాన్ని వదులుకుంది. ఆ మర్యాద అక్కడే పోయిందన్న సంగతి దానికి తెలియదు. నాకూ, నా కొడుక్కూ తెలుసు.

లెక్కల్లో మార్కులు మళ్లీ తెచ్చుకోవచ్చు. ఇది ఎక్కడ తెచ్చుకోవాలి?

వారం రోజులు ఎలా గడిచాయో చెప్పను. మరుసటి ఆదివారం, "పద, క్లబ్బుకు వెళదాం" అన్నాను. "మాస్టారితో మానేస్తానని చెప్పడానికా?" అన్నాడు. "వేరే పని ఉంది" అన్నాను.

పిల్లలందరూ కూర్చున్నాక మాస్టారి దగ్గరికి వెళ్లి, అందరికీ వినపడేలాగే చెప్పాను: "కిందటి వారం నేను గుర్రాన్ని ముట్టుకుని వదిలేశాను. సర్దానని అబద్ధమాడాను. ఆ ఆట ఈ పాపది." పాఠాలు చెప్పి చెప్పి అరిగిపోయిన నా గొంతు ఆ మూడు వాక్యాలకే ఆరిపోయింది. కుర్రకారు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మాస్టారు నన్ను ఒక్కమాటా అనకుండా పుస్తకం తెరిచి, పాత ఫలితం కొట్టేసి, కొత్తది రాసి, పక్కన నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

పాప మాత్రం ఊరుకోలేదు. "నేను అప్పుడే అడగాల్సింది మాస్టారూ. అడక్కపోవడం నాదీ తప్పే" అంది గంభీరంగా. "ఇంకో ఆట ఆడదామా?"

ఆడాము. ఈసారి ఇరవై ఎత్తులకే నా రాజును మూలకు నెట్టి ఆట కట్టేసింది. మా తాతగారి రాజయితే గుర్రంలాగా దూకి బయటపడేవాడేమో. ఈ రాజుకు ఆ దారి లేదు. చెయ్యి కలిపాను. ఓడిపోతే ఇంత తేలికగా ఉంటుందని నాకు తెలియదు.

ఇంటికి వెళ్లేటప్పుడు బారేజీ దగ్గర స్కూటరు ఆపాను. నీళ్లవంక చూస్తూ నిలబడ్డాం. "లెక్కల సంగతి ఏం చేద్దాంరా?" అన్నాను. "పొద్దున్నే ఒక గంట ఎక్కువ చేస్తాను నాన్నా. ఆదివారం మాత్రం..." అని ఆగిపోయాడు. పావు ముట్టుకుని కదపడానికి భయపడుతున్నట్టు.

"ఆదివారం నీదే" అన్నాను. అన్నమాట వెనక్కి రాదు గదా.

ఇప్పుడు ఆదివారాలు ఇద్దరం వెళుతున్నాము. వాడి మార్కులు కొద్దిగా పెరిగాయి; నా ఆట పెరగలేదు. ఆ పాపమీద ఇంతవరకూ ఒక్క ఆటైనా గెలవలేదు. కాని ఇప్పుడు మావాడు నా కుర్చీ వెనుక నిలబడ్డా నా చెయ్యి వణకడం లేదు.