ఒంటికి పట్టిన పసుపు

నాయకర్ల కాలంలో మా వాళ్ళు ఇటు వచ్చారని పెద్దలు చెప్పేవాళ్ళు. మాకు తెలిసిన ఊరు మాత్రం ఈరోడే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పసుపు రెండుచోట్లా. కొమ్ములు ఉడకేసి కళ్ళంలో ఆరబెట్టే రోజుల్లో మా గోళ్ళు కూడా పచ్చగా ఉండేవి. 2019లో ఈరోడు పసుపుకి భౌగోళిక గుర్తింపు వస్తే ఇంట్లో పాయసం చేసుకున్నాం.

అట్లాంటి ఇంటికి పోయినేడు ఒక సీసా వచ్చింది. అమ్మ మోకాళ్ళ నొప్పులకని బెంగళూరు నుంచి తమ్ముడు పంపిన నానో కర్క్యుమిన్ క్యాప్సూళ్ళు. "పసుపు మండీ ఊళ్ళో ఉంటూ పసుపుని సీసాలో కొనుక్కోవాలా?" అని అమ్మ నవ్వింది. మేమూ నవ్వాం.

తమ్ముడు చెప్పింది అబద్ధమేం కాదు. పసుపులో కర్క్యుమిన్ ఉండేదే నూటికి మూడు పాళ్ళు, అటూ ఇటూగా. అది నీళ్ళలో సరిగా కరగదు. లోపలికి వెళ్ళిన కాస్తనీ పేగులు, కాలేయం కలిసి వెంటనే మార్చేస్తాయి. ఒంటికి పట్టేది బహు కొంచెం. అందుకే కొవ్వుతోనో పాలిమర్‌తోనో చేసిన అతి సన్నని రేణువుల్లో దాన్ని పెట్టి పంపుతారు. 2007లో ఢిల్లీ యూనివర్సిటీ, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వాళ్ళు కలిసి చేసిన రేణువు సుమారు 50 నానోమీటర్లు. వెంట్రుక మందాన్ని వెయ్యి పాళ్ళు చేస్తే ఒక పాలంత. అది నీళ్ళలో చక్కగా కలుస్తుంది.

మా అవ్వకి ఈ లెక్కలు తెలియవు. దగ్గొస్తే ఆమె కాచే పసుపు పాలల్లో మాత్రం మిరియాల పొడి, చుక్క నెయ్యి తప్పక పడేవి. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు 2 గ్రాముల కర్క్యుమిన్‌తో పాటు మిరియాల్లోని పిపెరిన్ 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూస్తే, మనుషుల ఒంటికి పట్టడం దాదాపు 20 రెట్లు పెరిగింది. అది తెలిసిన రోజు అవ్వని తలుచుకుని గొప్పలు పోయాం.

అమ్మ రోజుకి రెండు క్యాప్సూళ్ళు వేసుకునేది. నొప్పి కొంచెం తగ్గినట్టే ఉండింది. రెండో నెలలో ఆకలి చచ్చిపోయింది. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో కాలేయం ఎంజైములు బాగా పెరిగి ఉన్నాయి. "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని డాక్టరమ్మ మూడుసార్లు అడిగితే, మూడోసారికి గానీ మాకు ఆ సీసా గుర్తుకు రాలేదు. మా లెక్కలో అది మందే కాదు, పసుపు!

కామెర్లకి వేరే కారణాలేవీ లేవని పరీక్షల్లో తేలాక క్యాప్సూళ్ళు ఆపించారు. 2019లో ఇటలీలో, ఆ తర్వాత అమెరికాలో కూడా ఇలాంటివి బయటపడ్డాయని డాక్టరమ్మ చెప్పారు. అందరికీ ఇలా కాదు, కొందరికే. అమ్మ తేరుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ తమ్ముడు ఫోన్లో సరిగా మాట్లాడలేకపోయాడు. వాణ్ణి ఏమనగలం? "పసుపే కదా" అన్నది మేమందరమూనూ.

కూరలో పసుపు తరతరాలుగా తింటున్నాం, అందులో ఒంటికి పట్టేది తక్కువ. పట్టేలా చేశాక అది వంట దినుసు కాదు, మందు. మందుకుండే మంచీ ఉంటుంది, చెడూ ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళ మందుల చీటీలో ఇలాంటి సీసాలు కూడా రాసిపెట్టండి. డాక్టరు అడక్కముందే చెప్పండి.

అమ్మ ఇప్పుడు బాగుంది. సాంబార్లో పసుపు మామూలుగానే వేస్తోంది.