నసిలాయి మట్టి

నసిలాయిలో ఆడపిల్ల పుడితే నుదుట చిన్న మట్టిముద్ద పెడతారట. అలా పెడితే కుండలు చేసే విద్య ఆ పిల్లకు దానంతటదే పట్టుబడుతుందని వాళ్ల నమ్మకం. ఈ సంగతి చెబుతూ అక్కడ కుండలు చేసే పెద్దావిడ తన బొటనవేలు నా నుదుటి దాకా తెచ్చి, తాకకుండా ఆపేసింది. వేలికి తడిమట్టి అంటుకుని ఉంది. "పెట్టమ్మా" అన్నాను తెలుగులోనే. ఏమర్థమైందో ఏమో, నవ్వి పెట్టేసింది. చల్లగా తగిలింది.

ఫిజీకి నేను వచ్చింది దీనికోసం కాదు, బంధువుల పెళ్లికి. నేను దిగిన నాడి ఊరి పేరు ఇక్కడివాళ్ల నోట 'నంది' లాగా వినిపించి మొదటిరోజే నాకు సొంతూరిలా తోచింది. పెళ్లి మూడు రోజులు, సువా దాకా బస్సు, సువాలో రెండు రోజుల వాన, అంతే. అసలు ప్రయాణం నౌసోరిలో, ఒక అవ్వ వంటింట్లో మొదలైంది.

పెళ్లిలో ఎవరో చెప్పారు, నౌసోరి దగ్గర తెలుగు మాట్లాడే పెద్దామె ఒకరున్నారని. గడపలో నన్ను చూస్తూనే ఆమె అడిగిన మొదటి మాట, "బువ్వ తిన్నావా నాయనా?" మా చిత్తూరు వైపు మాట. నూరేళ్ల కిందట సముద్రం దాటిన మాట ఉప్పుగాలికి చెడకుండా అట్లాగే ఉంది. ఆ తర్వాత ఆమె తెలుగు తడబడింది, నడుమ నడుమ ఫిజీ హిందీ వచ్చి చేరింది. కానీ తిండి దగ్గర మాత్రం ఒక్క మాటా మరిచిపోలేదు. పులుసు, తాలింపు, ఊరగాయ, సంగటి. సంగటి అనే మాట ఆమెకు తెలుసు, సంగటి తిని ఎరగదు. "మా జేజి చెప్పేది, ముద్ద చేసి మింగాల, నమలగూడదని" అంది. దాని బదులు ఉడకబెట్టిన కర్రపెండలం పెట్టింది. పక్కన చేమాకు పులుసు. చింతపండు పులుపు ముందు తగిలి, తర్వాత కొబ్బరిపాల కమ్మదనం వచ్చింది. మా ఇంట్లో చేమాకులో కొబ్బరిపాలు పోయరు. పోయాల్సిందేనని ఆరోజు నాకు గట్టిగా అనిపించింది. మూడుసార్లు వడ్డించుకున్నాను.

చెయ్యి కడుక్కున్నాక ఆమె ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. లోపల ఆమె తాత వలస పాసు నకలు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు. జిల్లా అన్నచోట నార్త్ ఆర్కాట్, తాలూకా చిత్తూరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణం మా చిత్తూరే. కింద 'శరీరంపై గుర్తులు' అన్నచోట ఒకే ముక్క, ఎడమ మోకాలి మీద మచ్చ. ఆ మచ్చ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఏ చింతచెట్టు మీంచి పడ్డాడో, ఏ బండ మీద జారాడో. మా తాతకు ఒక చిన్నాయన ఉండేవాడట. మద్రాసులో మూటలు మోయడానికని పోయి, 'పిజీ దీవి'కి పోయినాడని కబురు మాత్రమే వచ్చిందట. ఆయన మోకాలి మీద ఏ మచ్చ ఉండేదో చెప్పేవాళ్లు మా ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

మద్రాసు రేవు నుంచి మొదటి ఓడ ఇక్కడికి చేరింది 1903లో. 1916లో ఈ రవాణా ఆగేలోపు పదిహేను వేల మందికి పైగా దక్షిణాదివాళ్లు వచ్చారు. అయిదేళ్ల ఒప్పందం. రోజుకు మగవాళ్లకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. అగ్రిమెంట్ అన్న మాట నోళ్లలో నలిగి 'గిర్మిట్' అయింది, వచ్చినవాళ్లు గిర్మిటియాలయ్యారు. మొత్తం అరవై వేలకు పైగా మనుషులు. మన దక్షిణాదివాళ్లు ఇక్కడికొచ్చి 1926లో సంగం పెట్టుకున్నారు, తెలుగువాళ్లు 1941లో ఆంధ్ర సంగం పెట్టుకున్నారు, బళ్లు కట్టించారు. అయినా ఇంట్లో భాష నిలవలేదు. అవ్వ మనవలకు తెలుగు రాదు.

ఊళ్లో సిరియా పార్కు అని ఒకటి కనిపించింది, అదేమిటని అడిగాను. అవ్వ తల దించేసింది. "అది కప్పలి పేరు నాయనా. మునిగిపోయిన కప్పలి."

సిరియా అనే ఆ ఓడ కలకత్తా నుంచి బయల్దేరింది, 1884 మార్చి 13న. మన మద్రాసు ఓడలకు ఇంకా పంతొమ్మిదేళ్లు ముందు. దాన్లో 497 మంది కూలీలు, ఆడవాళ్లు, పసిపిల్లలు. రెండు నెలలు కూడా పట్టకుండా ఫిజీ నీళ్లలోకి వచ్చేసింది. మే 11, ఆదివారం రాత్రి, దిగడానికి ఇంకెంతో దూరం లేదనగా నసిలాయి పగడపు దిబ్బ మీదికి ఎక్కేసింది. ఒడ్డు సుమారు నాలుగు మైళ్లే. పడవల్లో పనికొచ్చేది ఒక్కటే మిగిలింది. సాయానికి దాన్ని పంపించి మిగతావాళ్లంతా చీకట్లో, విరిగిపోతున్న ఓడ మీద కూర్చున్నారు. తెల్లారినా ఎవరూ రాలేదు. అధికారుల తరఫున డాక్టర్ విలియం మెక్‌గ్రెగర్ మనుషుల్ని వెంటబెట్టుకుని అక్కడికి చేరేసరికి మరునాటి సాయంత్రమైంది. అప్పటికే ఓడ చీలిపోయి, జనం అలల్లో, దిబ్బ మీద పడి ఉన్నారు. ఆయన తానే నీళ్లలోకి దిగి మనుషుల్ని లాగాడు, దానికి తర్వాత ఆల్బర్ట్ మెడల్ ఇచ్చారు. ఫిజీయన్ల పడవలూ వచ్చాయి. యాభై ఆరుగురు కూలీలు, ముగ్గురు లాస్కర్ నావికులు పోయారు. బతికినవాళ్లలో పదకొండు మంది రెండు వారాల్లోపే కన్నుమూశారు. ఓడ నడిపినతీరులోనే తప్పుందని విచారణలో తేలింది. బతికి బయటపడ్డవాళ్లను ముందు చేర్చింది నసిలాయి ఊరికి. అక్కణ్ణుంచి నుకులావు దీవికి, ఆపైన చెరకు తోటలకు.

"ఆ కప్పల్లో మనోళ్లు లేరు కదవ్వా" అన్నాను. అనకుండా ఉండాల్సింది. "జహాజీ భాయి అంటే ఏమో తెలుసునా నీకు?" అంది. తెలియదన్నాను. ఒకే ఓడలో వచ్చినవాళ్లు అన్నదమ్ములవుతారు, ఏ కులమైనా, ఏ ఊరైనా. వాళ్ల పిల్లలకు పెళ్లి సంబంధాలు కూడా కలుపుకునేవాళ్లు కారట, తోడబుట్టినవాళ్ల బిడ్డలు కాబట్టి. "కప్పలి ఎక్కినోళ్లంతా మనోళ్లే" అంది అవ్వ. లేచి దేవుడి గూట్లోంచి పసుపు కుంకుమ పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. "నేను పోలేను. నువ్వు పోయి నీళ్లలో వెయ్యి."

పార్కు దగ్గర ఎక్కువసేపు ఉండలేదు. శిలాఫలకం ముందు నిలబడితే చదవడమే తప్ప నాకు ఇంకేమీ చేతకాదు. దండం పెట్టుకుని, నసిలాయి వెళ్లే పడవ కోసం నకేలో రేవుకు బస్సెక్కాను.

రేవా నది ఇక్కడ పాయలు పాయలుగా చీలిపోతుంది. పడవ సన్నటి పాయల్లో, మడచెట్ల వేళ్ల నడుమ పోతుంటే కోరంగి గుర్తొచ్చింది. దోమలూ అక్కడి దోమలే. పడవ నడిపే అబ్బాయి యాంగోనా వేళ్ల కట్ట కొనిపించాడు. అది ఇవ్వకుండా ఊళ్లోకి అడుగు పెట్టకూడదు. ఊరి పెద్ద ముందు చాప మీద కూర్చుని కట్ట ముందుంచాను, ఆయన అందుకుని మెల్లగా ఏదో పలికాడు. వేళ్లు దంచి, నీళ్లలో పిసికి, కొబ్బరిచిప్పలో పోసి ఇచ్చారు. ముందు ఒక చప్పట, తాగాక మూడు. బురదనీళ్ల రుచి, నాలుక తిమ్మిరెక్కింది. ఓడ కోసం వచ్చానని పడవబ్బాయి చెప్పాడు. ఆ మాటకు ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆనాడు మా పెద్దలు ఒడ్డుకు తెచ్చారు అని మాత్రం అన్నాడు, మొన్న జరిగినట్టుగా.

ఆ తర్వాతే కుండలు చేసే ఆవిడ పాకలోకి తీసుకెళ్లారు. అక్కడ రెండు గంటలు కూర్చున్నాను, వచ్చిన పని మరిచిపోయి. సారె లేదు. ఇసుక కలిపి తొక్కిన మట్టిని చేత్తోనే గోడలా లేపుతుంది. లోపల ఒక గుండ్రటి రాయి ఆనించి, బయట చెక్కతో తడుతుంది. టప్ టప్ టప్, కుండ తిరగదు, ఆవిడే దాని చుట్టూ తిరుగుతుంది. పలమనేరు దగ్గర మా కుమ్మరులు సారె మీద ఎత్తిన కుండను సాగదీసేది కూడా ఇట్లాగే, లోపల రాయి, బయట చెక్క. ఆ చప్పుడు కళ్లు మూసుకుని వింటే నేను మా ఊళ్లో ఉన్నట్టే. తేడా ఒకటే, అక్కడ సారె ముందు కూర్చునేది మగవాళ్లు, ఇక్కడ ఈ విద్యంతా ఆడవాళ్లది. ఆవం పెట్టరు, ఆరుబయటే కాలుస్తారు. వేడి తగ్గకముందే చెట్టు బంక రుద్దుతారు, నీళ్లు ఊరకుండా. పూర్తయిన కుండ నా చేతికిచ్చింది. పొయ్యి మీద పెట్టుకునే మామూలు కుండే. ఒడ్డుకు చేరిన ఆ నాలుగు వందల పైచిలుకు మందికి ఈ ఊళ్లో మొదటి గుక్క నీళ్లు ఇట్లాంటి కుండలోంచే వచ్చి ఉంటాయనిపించింది. రేవులో దిగిన కూలీ పాసు మీద ముద్ర పడకముందు, తోట దొర లెక్క చూడకముందు, ఎవరో కుండ వంచి నీళ్లు పోశారు. అది తలుచుకుంటే నా గొంతు పూడుకుపోయింది. ఆవిడ కొట్టడం ఆపి చూసింది. అప్పుడే ఆడపిల్లల నుదుటి మట్టి సంగతి చెప్పింది.

తిరిగి వెళ్లేముందు నదీముఖం దాకా పోదామన్నాను. పడవబ్బాయి ఇంజన్ ఆపాడు. ఆటు సమయం. దూరంగా నీలం మీద తెల్లటి గీత, అలలు దిబ్బ మీద విరుగుతున్నచోట. ఇక్కడికి చప్పుడు రాదు, గీత మాత్రం కదులుతూ ఉంటుంది. పొట్లం విప్పి వేశాను. పసుపు నీళ్ల మీద పరుచుకుని కాసేపు పడవ పక్కనే ఉంది. ఆ అబ్బాయి టోపీ తీసి పట్టుకున్నాడు. నేనేమీ చెప్పలేదు ఆ అబ్బాయికి.

నౌసోరి చేరేసరికి దీపాలు పెట్టారు. అవ్వ గుమ్మంలోనే ఉంది. నా ముఖం చూసి, "నుదుట ఏంది ఆ మట్టి?" అంటూ తడి కొంగుతో తుడవబోయింది. ఎవరు పెట్టారో, ఎందుకు పెడతారో చెప్పాను. కొంగు దించేసింది. లోపలికి పోయి కుంకుమ తెచ్చి, ఎండి పగుళ్లిచ్చిన ఆ మట్టిని తాకకుండా దాని కింద చిన్న బొట్టు పెట్టింది.

"బువ్వ తిన్నావా?" అంది.