అవ్వ తోమిన తేలు

2023 ఆగస్టులో ఎన్టీఆర్ బొమ్మతో 100 రూపాయల నాణెం వచ్చింది, గుర్తుందా? మన హైదరాబాద్ మింట్‌లోనే తయారైంది. అందులో వెండి సగమే. మా టీమ్‌లో ఒకతను దాన్ని కొని డెస్క్ మీద పెట్టుకున్నాడు. అది చూశాక నాకూ పిచ్చి పట్టింది. కాకపోతే నేను ఇంకాస్త స్టైల్‌గా ఆన్‌లైన్‌లో విదేశీ నాణేనికి ఆర్డర్ పెట్టా. ఒక ఔన్సు, అంటే 31.1 గ్రాముల స్వచ్ఛమైన వెండి. మీద హోలోగ్రామ్‌లో వృశ్చికం. కొంచెం వంచితే చాలు, తేలు తోక నీలం నుంచి ఎరుపులోకి మారుతుంది. ధర 9,800. అందులో వెండి విలువ అప్పట్లో 2,300 దాకా ఉండేదంతే, ఆ లెక్క నాకు తెలుసు. 'లిమిటెడ్ ఎడిషన్ కదా, పెరుగుతుందిలే' అని నాకు నేనే చెప్పుకున్నా.

రాశుల నాణేలు కొత్తేం కాదు. జహంగీర్ బాద్‌షా 1618లోనే నెల పేరుకు బదులు ఆ నెల రాశి బొమ్మ వేయించాడు. బంగారు మొహర్లు ఎక్కువగా ఆగ్రాలో, వెండి రూపాయలు అహ్మదాబాద్‌లో. ఇవాళ వాటికి వేలంపాటల్లో లక్షలు పలుకుతాయి. నా తేలును కూడా ఆ వంశంలో కలిపేసుకున్నా. ఆశ!

నవంబర్‌లో ఉద్యోగం పోయింది. జనవరి అద్దె కోసం నాణెం అమ్మకానికి పెడితే ఒకాయన 8,000 ఇస్తానన్నాడు. పండగయ్యాక ఇస్తానని చెప్పి, దాన్ని బ్యాగులో వేసుకుని కోడేరు బస్సెక్కా.

అవ్వకు చూపిస్తే మొహం చిట్లించింది. "నీది మఖ నక్షత్రం, సింహరాశి గద బిడ్డా. ఈ తేలెందుకు కొన్నవ్?" వెబ్‌సైట్ నా పుట్టినరోజు అడిగి, ఆ రోజు సూర్యుడున్న రాశి చూపించింది. అవ్వ లెక్క చంద్రుడితో. అంటే అంత డబ్బు పోసి నాది కాని రాశి కొన్నానన్నమాట.

భోగి పొద్దున లేచేసరికి అది దేవుడి గూట్లో ఉంది. కుంకుమ భరిణె, దీపపు కుందులతో పాటు దాన్నీ ప్లాస్టిక్ డబ్బీలోంచి తీసి విబూదితో తోమేసింది. తళతళలాడుతోంది, కానీ రంగుల్లేవు. హోలోగ్రామ్ అంటే రంగు పూత కాదు. కంటికి ఆననంత సన్నని గీతలు వేలకొద్దీ పక్కపక్కనే ఉంటాయి, వాటి మీద పడ్డ వెలుతురే విడిపోయి రంగులుగా కనిపిస్తుంది. వేలిముద్ర పడితేనే మసకబారే గీతలవి.

"మబ్బుగున్నదని తోమిన. ఏమైంది?"

"ఏం కాలేదవ్వా" అన్నా. నా మొహం చూసి నమ్మలేదు. లోపలికెళ్లి పాత గుడ్డమూట విప్పి రూపాయి తెచ్చింది. ఉస్మాన్ అలీఖాన్ కాలం నాటి హాలి సిక్కా, మీద చార్మినార్. దాని గుమ్మంలో ఆయన పేరు మొదటి అక్షరం 'ఐన్' ఉంటుంది. పదకొండు గ్రాముల పైచిలుకు, అందులో దాదాపు 82 శాతం వెండి. అవ్వకు వాళ్లమ్మ ఇచ్చిందది. "దీన్ని అమ్ముకో, నీ నష్టానికి సరిపోతదేమో."

మర్నాడు కాదు, పండగ మూడు రోజులూ అయ్యాక కొల్లాపూర్‌లో వెండి దుకాణానికి వెళ్లా. ఆయన తేలును తిప్పి కూడా చూడలేదు, తక్కెట్లో వేశాడు. 2,100. చార్మినార్ రూపాయిని మాత్రం చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. "ఇది కూడా ఇస్తవా?"

ఇవ్వనన్నా. అద్దెకు ఫ్రెండ్ దగ్గర అప్పు చేశా.

రూపాయి తిరిగిచ్చేస్తే అవ్వ మళ్లీ మూటకట్టింది. తేలు ఎంతకు కొన్నావని అడిగితే ఐదు వందలన్నా. "గంతనా!" అని నోరు నొక్కుకుంది.