పది ఇన్నింగ్స్, ఒక్క రన్ను

మిన్నెసోటాలో బేస్‌బాల్ మాట వస్తే కాస్త వయసున్నవాళ్లందరూ తిరిగి తిరిగి ఒక రాత్రి దగ్గరికే వస్తారు. 1991 అక్టోబర్ 27, వరల్డ్ సిరీస్ ఏడో ఆట. మిన్నెసోటా ట్విన్స్, అట్లాంటా బ్రేవ్స్ అప్పటికి చెరో మూడు గెలిచాయి. ముందటేడు ఈ రెండు జట్లూ తమ తమ డివిజన్లలో అట్టడుగున ఉన్నవే! ఆ ఆటలో రెండు జట్లకూ కలిపి వచ్చింది ఒక్కటే రన్ను.

మా పక్కింటి పెద్దాయన ఆ రాత్రి ఆట జరిగిన మెట్రోడోమ్ స్టేడియంలో ఉన్నాడు. అప్పుడు జనం ఊపిన తెల్ల చేతిరుమాలు, హోమర్ హ్యాంకీ అంటారు, ఇంకా బీరువాలో మడతపెట్టి దాచుకున్నాడు. ఓ చలికాలపు ఆదివారం నన్ను పిలిచి రికార్డింగు మొత్తం చూపించాడు. అప్పటినుంచి సిక్సర్ల మోజు ఉన్న మన కుర్రాళ్లకు నేను ఈ ఆట గురించే చెబుతున్నాను.

ట్విన్స్ పిచ్చర్ జాక్ మోరిస్ ఇక్కడి సెయింట్ పాల్‌లో పుట్టినవాడే. వయసు 36. మూడే రోజుల విశ్రాంతితో, ఆ సిరీస్‌లో మూడోసారి దిగాడు. అవతలివైపు 24 ఏళ్ల జాన్ స్మోల్ట్జ్, చిన్నప్పుడు మిషిగన్‌లో ఈ మోరిస్‌నే చూసి మురిసిపోయినవాడు. రెండు వేళ్లు ఎడం చేసి, మధ్యలో బంతి ఇరికించి విసరడం మోరిస్ ప్రత్యేకత. ఆ బంతి తిన్నగా వస్తున్నట్టే ఉండి, బ్యాటు దగ్గరికొచ్చేసరికి కిందికి జారిపోతుంది.

ఎనిమిదో ఇన్నింగ్స్ చూడాలి. మొదటి బేస్ మీద బ్రేవ్స్ ఆటగాడు లోనీ స్మిత్. అతని సహచరుడు పెండిల్టన్ కొట్టిన బంతి ఔట్‌ఫీల్డ్ గోడదాకా పోయింది. స్మిత్ ఆగకుండా పరిగెత్తి ఉంటే రన్ను వచ్చేసేది. కానీ రెండో బేస్ దగ్గర ట్విన్స్ ఫీల్డర్ నాబ్లాక్, బంతి తన చేతికే వచ్చినట్టు నటించాడు. స్మిత్ ఒక్క క్షణం తటపటాయించి మూడో బేస్‌తో సరిపెట్టుకున్నాడు. అతను మోసపోయాడా, బంతి కనబడక ఆగాడా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఏదైతేనేం, రెండు మూడు బేస్‌ల మీద మనుషులున్నారు, ఒక్కరూ ఔట్ కాలేదు. మోరిస్ తొణకలేదు. తర్వాతివాడి చేత నేలబారు బంతి కొట్టించి ఔట్ చేశాడు. ఇంకొకణ్ణి కొట్టనివ్వకుండా కావాలనే మొదటి బేస్‌కి నడిపించి బేస్‌లన్నీ నింపాడు. ఆ తర్వాతివాడు కొట్టిన నేలబారు బంతి ట్విన్స్ ఫస్ట్ బేస్‌మన్ హర్బెక్ చేతికి వచ్చింది. హర్బెక్ నుంచి క్యాచర్‌కి, క్యాచర్ నుంచి మళ్లీ హర్బెక్‌కి. ఒకే దెబ్బకి రెండు ఔట్లు, ఇన్నింగ్స్ అయిపోయింది! తెలిసిన కథే అయినా నేను కుర్చీ అంచుకొచ్చేశాను.

తొమ్మిది ఇన్నింగ్స్‌తో ముగియాల్సిన ఆటలో ఇంకా ఎవరికీ రన్ను రాలేదు. తొమ్మిదో ఇన్నింగ్స్ అయ్యాక మేనేజర్ టామ్ కెల్లీ మోరిస్‌తో ఇక చాలన్నాడు. మోరిస్ ఒప్పుకోలేదు. పదో ఇన్నింగ్స్ కూడా తానే వేసి, మొత్తం 126 బంతులతో బ్రేవ్స్‌కి సున్నా మిగిల్చాడు. ఆ వెంటనే ట్విన్స్ ఆటగాడు జీన్ లార్కిన్ కొట్టిన బంతి ముందుకు జరిగి నిలబడ్డ ఫీల్డర్ల తలమీదుగా పోయింది. మూడో బేస్ మీదున్న గ్లాడెన్ హోమ్ ప్లేట్ తొక్కాడు. 1-0.

1983 క్రికెట్ ప్రపంచ కప్ ఫైనల్లో, లార్డ్స్‌లో మనవాళ్లు 183 పరుగులే చేసి, వెస్టిండీస్‌ని 140కే కట్టడి చేసిన రోజును తలుచుకుని ఇప్పటికీ పొంగిపోయేవాళ్లకు ఈ ఆట రుచి వేరే చెప్పక్కర్లేదు. కొట్టనివ్వకపోవడం కూడా ఆటే. దానికి కావలసిన గుండె ఇంకాస్త పెద్దదని నా నమ్మకం.

ఇప్పటి పిచ్చర్లను ఐదారు ఇన్నింగ్స్‌కే తప్పించేస్తున్నారు. మోరిస్ తర్వాత వరల్డ్ సిరీస్ ఆటలో పది ఇన్నింగ్స్ వేసిన పిచ్చర్ మరొకడు లేడు. అంతటివాడికీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి 15 ఏళ్లపాటు పాత్రికేయుల ఓట్లు చాలలేదు. చివరికి ఒక కమిటీ ద్వారా 2018లో చోటు దక్కింది. తొమ్మిది ఇన్నింగ్స్‌కి అతను ఇచ్చిన ఎర్న్‌డ్ రన్ల సగటు 3.90 చూపించి అనర్హుడనేవాళ్లు ఇంకా ఉన్నారు. నన్నడిగితే, ఆ ఒక్క రాత్రి చాలు, ఆ గౌరవం అతనికి న్యాయంగా దక్కిందే. కాకపోతే చాలా ఆలస్యంగా దక్కింది.